బందరు నుంచి మాయాబజారు దాకా – పింగళి నాగేంద్రరావు గారు

విద్యార్థి సంఘం కార్యదర్శి ఈ వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని అడగడానికి మా ఇంటికి వచ్చినప్పుడు, నేను హాస్టలు మెస్సు గురించో, సమ్మెల గురించో వ్రాస్తాననుకుని ఉంటాడు. పూర్వ విద్యార్థులు వ్రాసేవి ఇంచుమించు అవే కదా! నేను మాత్రం ఇంజనీరింగు చదివి, రైల్వేలో ఉద్యోగం చేసి, చివరకు సినిమాలకు మాటలూ పాటలూ వ్రాసిన ఒక పెద్దమనిషి గురించి వ్రాస్తానన్నాను. కుర్రవాడు తెల్లబోయాడు. ఆయనకు నేను నలభై ఏళ్ళ పైబడి బాకీ ఉన్నాను. ఆ బాకీ ఏమిటో ముందు చెబితేగాని మిగతా కథ నడవదు.

మాది కృష్ణాజిల్లా పామిడిముక్కల. బెజవాడ నుంచి బందరు పోయే దారిలో ఉయ్యూరు దాటాక వస్తుంది. నేను పుట్టింది 1957లో. సరిగ్గా ఆ ఏడాది మార్చి 27న మాయాబజార్ విడుదలైంది. నన్ను కడుపుతో ఉన్నప్పుడు ఆ సినిమా చూడలేకపోయానని మా అమ్మ చాలాకాలం చెప్పుకునేది. ఆవిడ కోరిక ఏడెనిమిదేళ్ళకు తీరింది. కుప్పనూర్పులు అయ్యాక ఒక టూరింగు టాకీసు వాడు కాలవగట్టు దగ్గర గుడారం వేశాడు. మా మేనమామ బండి కట్టి, గడ్డి పరిచి, మమ్మల్నందర్నీ ఎక్కించుకు వెళ్ళాడు. నేల టిక్కెట్టు. ఒక్కటే ప్రొజెక్టరు కాబట్టి రీలు మార్చినప్పుడల్లా లైట్లు వెలిగేవి. లైటు వెలిగినప్పుడల్లా నేను తెర వెనక్కు వెళ్ళి ఘటోత్కచుడు ఎక్కడ దాక్కున్నాడో చూసి వచ్చేవాణ్ణి. లడ్డూలు వాటంతటవే ఎగిరి ఆయన నోట్లోకి వెళ్ళడం, చాప దానంతటదే చుట్టుకోవడం, సావిత్రి ఆడపిల్లలా నుంచుని రాక్షసుడిలా కళ్ళెర్రజేయడం – ఆ రాత్రి మా ఇంట్లో పిల్లలెవ్వరూ నిద్రపోలేదు.

అమెరికాలో వాల్ట్ డిస్నీ 1937లో స్నోవైట్ కథను పూర్తిగా బొమ్మలు గీసి పెద్ద సినిమాగా తీశాడని తరువాత చదువుకున్నాను. అక్కడి పిల్లలకు అది ఎటువంటిదో మాకు మాయాబజారు అటువంటిది. తేడా ఏమిటంటే మనవాళ్ళు బొమ్మలు గీయలేదు. మార్కస్ బార్ట్లే అనే ఛాయాగ్రాహకుడు కెమెరాతోనే మాయలన్నీ చేశాడు. పడవ మీద ప్రేమికులు పాడుకునే చోట కనిపించే వెన్నెల కూడా ఆయన సృష్టించిందే.

ఇక బాకీ సంగతి. 1977లో నేను మన కాలేజీలో చదువుతున్నాను. ఆ ఏడు దసరా సెలవులు అయ్యాక వక్తృత్వపు పోటీ పెట్టారు. జానపద, పౌరాణిక చిత్రాలు జాతిని జోకొడుతున్నాయి అన్నది విషయం. అవునని వాదించి కప్పు గెలుచుకున్నాను. మాయలూ మంత్రాలూ వ్రాసేవాడు కవీ కాడు, రచయితా కాడు, తిండి లేని దేశంలో లడ్డూలు ఎగరేసేవాడు ప్రజాద్రోహి అని బల్ల గుద్ది మరీ చెప్పాను. చప్పట్లు బాగా పడ్డాయి. నేను మనసులో నమ్మని మాటలు చెప్పి గెలిచానని నాకొక్కడికే తెలుసు.

నవంబరు 19న ఉప్పెన వచ్చింది. దివిసీమ ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయి. పదివేల మందికి పైగా పోయారు. మా ఊరికి దివిసీమ ఎంతో దూరం కాదు. కాలేజీ నుంచి లారీల్లో వెళ్ళిన కుర్రవాళ్ళలో నేనూ ఉన్నాను. చూసినవన్నీ ఇక్కడ వ్రాయను. పెంకులు లేచిపోయిన ఒక బడిలో మాకు వంట పని అప్పగించారు. అక్కడ ఎనిమిదేళ్ళ పిల్లవాడొకడు, ముసలి నాయనమ్మ తప్ప ఎవరూ మిగల్లేదు. వాడు మాట్లాడడు, ఆకు ముందు కూర్చుని మెతుకు ముట్టడు. మా జట్టులో భీమవరం వైపు వాడొకడు భారీ మనిషి. హాస్టల్లో వాణ్ణి అందరూ ఘటోత్కచుడనే పిలిచేవారు. మూడో రోజు మధ్యాహ్నం వాడికి ఏం తోచిందో, అన్నం గుండిగ ముందు మఠం వేసుకు కూర్చుని, పెళ్ళివిందు మింగే ఘటోత్కచుణ్ణి అభినయించడం మొదలుపెట్టాడు. ఉన్నది ఉడుకన్నం, పప్పుచారు. వాడు మాత్రం లడ్డూలు గాలిలోంచి అందుకుంటున్నాడు, గారెలు మింగుతున్నాడు. పిల్లలందరూ చుట్టూ మూగారు. ఆ మూగబోయిన పిల్లవాడు ముందు కళ్ళప్పగించి చూశాడు, తరువాత ఫక్కున నవ్వాడు, ఆ తరువాత వచ్చి వాడి పక్కనే కూర్చుని తిన్నాడు. ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

సినిమా వల్ల ఎవరి కష్టమో తీరిందని నేను అనడంలేదు. ఆ పిల్లవాడి తల్లిదండ్రులు తిరిగి రాలేదు. కాని తిండి లేనిచోట ఎగిరే లడ్డూలు ఏం చేస్తాయో నేను కళ్ళారా చూశాను. తిరిగి వచ్చే లారీలో నాకు నా కప్పు గుర్తొచ్చి సిగ్గేసింది. నేను ప్రజాద్రోహి అన్న ఆ మనిషి ఎవరు, ఎక్కడివాడు అని అప్పటిదాకా నేను తెలుసుకోనైనా లేదు. తెలుసుకుందామని మొదలుపెడితే ఆయన మా జిల్లా నీళ్ళు తాగి పెరిగినవాడే అని తేలింది.

పింగళి నాగేంద్రరావు గారు 1901 డిసెంబరు 29న బొబ్బిలి దగ్గర రాజాంలో పుట్టారు. పుట్టింది ఉత్తరాంధ్రలోనైనా పెరిగిందీ, చదివిందీ, కలం పట్టిందీ బందరులోనే. ఆ రోజుల్లో బందరంటే ఇప్పటిలా జిల్లా కచేరీలున్న ఊరు మాత్రమే కాదు. ముట్నూరి కృష్ణారావు గారి కృష్ణాపత్రిక అక్కడిదే. పట్టాభి సీతారామయ్య గారు అక్కడివారే. కోపల్లె హనుమంతరావు గారు ప్లీడరీ వదులుకుని, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టిందీ అక్కడే. దొరల కొలువుకు పనికివచ్చే గుమాస్తాలను తయారుచేయడం కాక, సొంత చేతులతో పనిచేసుకు బతికే మనుషుల్ని తయారుచెయ్యాలని ఆ కళాశాల ఉద్దేశం. అందుచేత చదువుతోబాటు యంత్రవిద్య, నేత, చిత్రలేఖనం వంటివి నేర్పేవారు. నాగేంద్రరావు గారు అక్కడ మెకానికల్ ఇంజనీరింగు చదివారు. ఈ సంగతి తెలిసినప్పుడు మెకానికల్ బ్రాంచి వాడినైన నేను ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

చదువయ్యాక ఖరగ్‌పూరులో బెంగాల్ నాగపూర్ రైల్వేలో కొంతకాలం ఉద్యోగం చేశారు. ఈ రోజుల్లో రైల్వే ఉద్యోగమొస్తే పెళ్ళి సంబంధాలు గుమ్మం ముందు వరస కడతాయి. ఆయన ఆ ఉద్యోగం వదిలేశారు. జాతీయోద్యమపు గాలి, బెంగాలీ నాటకాల మీద మోజు, రెండూ ఆయన్ని పట్టుకున్నాయి. ద్విజేంద్రలాల్ రాయ్ వ్రాసిన మేవాడ్ పతనం, పాషాణి నాటకాలను తెలుగు చేశారు. తిరిగి బందరు చేరి నాటకాలు వ్రాయడంలో పడ్డారు. జేబున్నీసా, వింధ్యరాణి, నా రాజు వంటివి ఆ కాలపు నాటకాలు. బందరులో డి.వి. సుబ్బారావు గారి నాటక సమాజం పేరుమోసినది. అక్కడే ఆయన రచయితగా కుదురుకున్నారు. రాత్రి ప్రదర్శనలో ఏ మాటకు జనం ఈల వేశారో, ఏ మాటకు ఆవలించారో పక్కనుంచి చూసి, పొద్దున్నే ఆ మాట మార్చుకునే అవకాశం నాటక సమాజంలో ఉన్న రచయితకే ఉంటుంది. ఆయన మాటల పదునంతా ఆ పాఠశాలలో వచ్చిందేనని నా నమ్మకం.

సినిమా ఆయన్ని వెంటనే ఆదరించలేదు. 1941లో వచ్చిన భలేపెళ్ళి ఆయన మొదటి చిత్రం. దాని వల్ల పేరు రాలేదు. ఆ తరువాత ఏడేళ్ళు సినిమాల జోలికి పోయే వీలే కలగలేదు. 1948లో ఆయన నాటకం వింధ్యరాణి సినిమాగా వచ్చింది. అదీ ఆడలేదు. అప్పటికి ఆయనకు నలభై ఆరేళ్ళు. విద్యార్థి మిత్రులు ఈ వయసు ఒక్కసారి గుర్తుపెట్టుకోవాలి. ఇరవై మూడేళ్ళకు ఉద్యోగం రాలేదని నిద్రమాత్రల దాకా పోతున్న పిల్లలున్న రోజులివి. నలభై ఆరేళ్ళు నిండినా ఆయన చేతిలో ఉన్నవి రెండు తప్పిపోయిన సినిమాలు, ఒక వదిలేసిన ఉద్యోగం, కొన్ని నాటకాలు మాత్రమే.

1949లో దర్శకుడు కె.వి. రెడ్డి గారికి గుణసుందరి కథ వ్రాశారు. షేక్స్‌పియర్ లియర్ రాజు కథలోని ముగ్గురు కూతుళ్ళ సంగతిని తీసుకుని, దాన్ని మన పెద్దమ్మలు చెప్పే కథలా మార్చేశారు. చూసినవారెవరికీ అది ఇంగ్లీషు వాడి కథ అన్న అనుమానమైనా రాదు. ఆ సినిమా విజయవంతం కావడంతో కె.వి. రెడ్డి గారితో స్నేహం బలపడింది. 1951లో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు విజయా సంస్థ తరఫున తీసిన పాతాళభైరవి వచ్చింది. తోటమాలి కొడుకు రాజకుమార్తెను పెళ్ళాడే కథ. రామారావు గారి తోటరాముడు ఒక ఎత్తు, మన నూజివీడులో పుట్టిన రంగారావు గారి నేపాళ మాంత్రికుడు ఒక ఎత్తు. మాంత్రికుడు శిష్యుణ్ణి పిలిచే పిలుపులు ఊరూరా పిల్లల నోళ్ళలో నానాయి. 1952లో మన దేశంలో మొట్టమొదటిసారి జరిగిన అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఆ సినిమాను ప్రదర్శించారు. అప్పటికి నాగేంద్రరావు గారికి యాభై నిండాయి. జీవితం అక్కడ మొదలైందన్నమాట!

అక్కడి నుంచి అన్నీ విజయాలే అనుకోకండి. 1954లో ఎన్నో ఖర్చులకోర్చి తీసిన చంద్రహారం దెబ్బతింది. దాని దర్శకులు కమలాకర కామేశ్వరరావు గారు కూడా బందరు వారే, కృష్ణాపత్రికలో సినిమా విమర్శలు వ్రాసిన మనిషి. ఆ దెబ్బకు ఎవ్వరూ కలాలు పారెయ్యలేదు. మరుసటి ఏడు మిస్సమ్మకు నాగేంద్రరావు గారు పాటలు వ్రాశారు. ఆ పాటలు పాడుకోని ఇల్లు ఆ రోజుల్లో లేదంటే అతిశయోక్తి కాదు. 1957లో మాయాబజార్.

శశిరేఖా పరిణయం కథ వ్యాసభారతంలో లేదు. జనం చెప్పుకున్న కథ, నాటకాల వాళ్ళు ఆడుకున్న కథ. 1936లోనే తెలుగులో ఒకసారి సినిమాగా కూడా వచ్చింది. అంత తెలిసిన కథను మళ్ళీ వ్రాయడం కత్తిమీద సాము. ఇంతా చేసి ఆ సినిమాలో పాండవులు ఒక్కరూ కనబడరు. భారతం వాళ్ళది, కాని తెర మీద వాళ్ళ అవసరం రాదు. చూస్తున్నంతసేపూ ఆ లోటు మనకు తోచదు కూడా. ప్రేమించినవాళ్ళ రూపం చూపించే ప్రియదర్శిని పెట్టె సంగతి ఈనాటి విద్యార్థులకు చెప్పనక్కరలేదు. అందరి జేబుల్లోనూ ఒకటి ఉంది. ఎక్కినవాడి నోట నిజం పలికించే సత్యపీఠం మాత్రం ఇంకా ఎవరూ తయారుచేయలేదు. చేస్తే ముందు మన ఎన్నికల వేదికల మీద వేయించాలి.

అన్నిటికన్నా గొప్ప మాయ మాటల్లో ఉంది. ఘటోత్కచుడి ఆశ్రమంలో రాక్షసులకు సంయుక్తాక్షరాలు పలకవు. అస్మదీయులు అనవలసిన చోట అసమదీయులు అంటారు. దుష్టచతుష్టయం వాళ్ళ నోట్లో దుసటచతుసటయం అవుతుంది. ఇదేదో నవ్వించడానికి చేసిన వెకిలితనం అని నా పోటీ రోజుల్లో వాదించాను. భాషాశాస్త్రం చదివిన మిత్రుడొకడు నా కళ్ళు తెరిపించాడు. రెండు హల్లుల మధ్య ఒక అచ్చు చొప్పించి పలకడాన్ని స్వరభక్తి అంటారట. మా ఊళ్ళో పాలేర్లు ధర్మాన్ని ధరమం అంటారు, శక్తిని సకితి అంటారు. స్కూలు మా అమ్మమ్మకు ఇస్కూలే. అంటే ఆయన రాక్షసులకు పెట్టింది మన పల్లెటూళ్ళ నోళ్ళనే. వాళ్ళను వెక్కిరించలేదు సుమా! సినిమాలో కడుపునిండా నవ్వించేదీ, చివరకు గెలిచేదీ ఆ నోళ్ళే. శుద్ధంగా మాట్లాడే కౌరవులు ఓడిపోతారు.

ఇక తసమదీయులు. అస్మదీయులంటే మనవాళ్ళు, అది సంస్కృతమే. దాన్ని చూసి, మనవాళ్ళు కానివాళ్ళకు తస్మదీయులు అని ఒక మాట కల్పించారు. ఏ వ్యాకరణమూ ఒప్పదు. కాని ఈనాటికీ దినపత్రికల సంపాదకీయాల్లో ఆ రెండు మాటలూ జంటగా కనబడుతూనే ఉన్నాయి. వీరతాడు కూడా అంతే. ఏదైనా బిరుదో సత్కారమో జరిగిందంటే వీరతాళ్ళు వేశారనడం మనకు అలవాటైంది. ఎవరో ఒకరు ధైర్యం చేసి పుట్టించకపోతే భాషలో కొత్తమాటలు ఎక్కడినుంచి వస్తాయన్న ఆలోచన ఆ సినిమాలోనే ఘటోత్కచుడి చేత చెప్పించారు. నిఘంటువు కర్తలు చెప్పవలసిన మాట రాక్షసుడి నోట పెట్టిన ధైర్యం ఆయనది. యంత్రవిద్య నేర్చినవాడు కదా, మాటకు ఏ మర ఎక్కడ బిగిస్తే తిరుగుతుందో తెలిసినవాడు.

తరువాత 1960లో మహాకవి కాళిదాసు, 1961లో జగదేకవీరుని కథ, 1963లో శ్రీకృష్ణార్జున యుద్ధం వ్రాశారు. మధ్యలో 1962లో గుండమ్మ కథకు పాటలు. తెలుగువాళ్ళు మూడు తరాలుగా ప్రేమించుకునేటప్పుడు కూనిరాగం తీసే పాటల్లో సగం ఈయనవే. ఇన్ని ప్రేమపాటలు వ్రాసిన మనిషి పెళ్ళి చేసుకోలేదు. ఆజన్మ బ్రహ్మచారి. ఈ సంగతి విన్నప్పుడు నవ్వు వచ్చింది, ఆ తరువాత నవ్వు ఆగిపోయింది. తాను ఎక్కని పడవ మీద వెన్నెల రాత్రి అందర్నీ ఎక్కించి పంపిన మనిషి ఆయన.

1971 మే 6న మదరాసులో కన్నుమూశారు. కె.వి. రెడ్డి గారికి ఆయన వ్రాసిన శ్రీకృష్ణసత్య ఆ ఏడాది చివర్లో, ఆయన పోయాక విడుదలైంది. మరుసటి ఏడు కె.వి. రెడ్డి గారూ వెళ్ళిపోయారు. దివిసీమ ఉప్పెన నాటికి నాగేంద్రరావు గారు పోయి ఆరేళ్ళు దాటింది. ఆ బడిలో పిల్లవాడు నవ్విన సంగతి ఆయనకు తెలిసే అవకాశమే లేదు. వ్రాసేవాడి బతుకే అంత. తన మాట ఏ గుండిగ పక్కన, ఏ ఆకు ముందు పనికి వస్తుందో వాడికి తెలియదు.

ఒక్క విషయం నిజాయితీగా చెప్పాలి. నా పోటీ వాదనలో కొంత సత్యం లేకపోలేదు. మాయల సినిమాలన్నీ గొప్పవి కావు. వాటిని అనుకరిస్తూ వచ్చిన అట్టకిరీటాల చిత్రాలు మా చిన్నప్పుడు గుడారాల్లో బోలెడు చూశాం. ఒక్కటీ గుర్తులేదు. ఆయన సినిమాల్లోనూ మగవాళ్ళు ఆడవాళ్ళతో మాట్లాడే తీరు ఈనాటి విద్యార్థినులకు కొన్నిచోట్ల గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా. అయినా తూకం వేస్తే ఆయన వైపే మొగ్గుతుంది. ఎందుకంటే ఆయన మాయను జనాన్ని మోసం చెయ్యడానికి వాడలేదు. డబ్బు, అధికారం చూసి మాట తప్పే పెద్దల్ని ఆట పట్టించడానికి వాడారు. సుభద్ర భర్తకు రాజ్యం పోయిందనగానే ఆవిడ కొడుక్కి పిల్లనివ్వనన్న మేనమామ ఇంటి పెళ్ళి కథ అది. అటువంటి పెళ్ళి మాటలు మా ఊళ్ళో నేను ఎన్ని విన్నానో!

2010లో మాయాబజారుకు రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. 2013లో ఐ.బి.ఎన్. లైవ్ వారు పెట్టిన ఓటింగులో భారతీయ చిత్రాలన్నిటిలోకీ గొప్పదిగా నిలిచింది. రంగుల బొమ్మల సినిమాలు తప్ప చూడని నా మనుమరాలికి నేను పాత నలుపు తెలుపుదే చూపించాను. లడ్డూలు ఎగరగానే ఏ కంప్యూటరు మీద చేశారు తాతయ్యా అని అడిగింది. కంప్యూటరు లేదమ్మా అన్నాను. నమ్మలేదు. లేచి వెళ్ళి టీవీ వెనక్కి తొంగి చూసింది. అరవై ఏళ్ళ కిందట గుడారం తెర వెనక్కి నేను వెళ్ళినట్టే.

ఆ కప్పు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. పారెయ్యలేదు, అద్దాల బీరువాలోనూ పెట్టలేదు. వంటింట్లో చింతపండు వేసుకోవడానికి వాడుతున్నాం. విద్యార్థి మిత్రులకు నేను చెప్పేది ఇంతే. పోటీల్లో గెలవండి, కాదనను. కాని చప్పట్ల కోసం మీరు ప్రేమించినదాన్ని తిట్టకండి. మీరు ఇంజనీరింగు చదువుతూ కథలు వ్రాసుకుంటున్నా, రెండుసార్లు ఓడి కలం మూసేద్దామనుకుంటున్నా, బందరు జాతీయ కళాశాలలో యంత్రాలు నేర్చుకుని, యాభై ఏళ్ళ వయసులో తోటరాముడికి మాటలు నేర్పిన ఆ పెద్దమనిషిని ఒక్కసారి తలుచుకోండి.

నా బాకీ ఇవాళ్టికి కొంత తీరింది. వడ్డీ ఇంకా ఉంది.